గేర్ లీవర్ రాడ్‌కి కొత్త బాల్ జాయింట్లు వేసినంక నాలుగు నుంచి ఐదుకు పడ్తలేదు

మానేరు_రైడర్
150 సీసీ బండి, 46,000 కిలోమీటర్లు తిరిగింది. గేర్ లీవర్ నేరుగా గేర్ షాఫ్ట్ మీద ఉండదు. ఫుట్‌రెస్ట్ దగ్గర పివట్ బోల్ట్ మీద తిరుగుతది, అక్కడి నుంచి సన్న రాడ్ ఒకటి షాఫ్ట్ మీది ఆర్మ్‌కి పోతది. రాడ్ రెండు చివర్ల బాల్ జాయింట్లు. పాతవాటి రబ్బర్లు చినిగి, లోపల తుప్పు పట్టి గలగలమంటున్నయ్. హార్డ్‌వేర్ షాపుల ఎం6 మరవి దొరికినయ్, రెండూ మార్చిన.

అప్పటి నుంచి మూడు తిప్పలు. నాలుగు నుంచి ఐదుకు లేపితే సగం సార్లు పడ్తలేదు, ఇంజన్ ఉత్తగ అరుస్తది. దిగేటప్పుడు మాత్రం అన్నీ మంచిగనే పడ్తున్నయ్. లీవర్ మునుపటి కంటె ఒక అంగుళం పైకి నిలబడ్డది, రాడ్ ఎంత తిప్పినా ఇంక కిందికి రాదు. కిందికి నొక్కితె ఒక్కోసారి లీవర్ అక్కడ్నే ఉండిపోతది, బూటుతోని లేపాలె. కొస పట్టి ఊపితె 8 మి.మీ. లూజు ఇంకా ఉంది, కొత్త జాయింట్లు వేసినా పోలె.

చూపించిన కాడ గేర్ డ్రమ్ (ఇంజన్ లోపల గేర్లు మార్చేది) పోయింది, ఇంజన్ విప్పాలె అంటున్నరు. రాడ్ మార్చినంక మొదలైన బాధకి ఇంజన్ ఎందుకు విప్పాలె?

పదో_నంబర్_స్పానర్
రాడ్ ముట్టుకోక ముందు ఐదో గేరు పడేదా? పడేదంటే డ్రమ్ జోలికి పోవద్దు. ఇంకొకటి, రెండు నుంచి మూడుకు మెల్లగా, బలం పెట్టకుండా లేపి చూడు. అదీ తప్పితే సమస్య ఐదో గేరుది కాదు, లేపడంలోనే ఉంది.

ఆటోనగర్_పాతచెయ్యి
లూజు ఎక్కడుందో ముందు పట్టుకో తమ్ముడూ. ఇంజన్ ఆపి బండి సెంటర్ స్టాండ్ వేసి, లీవర్‌ని కాలితో కాదు, రెండు వేళ్ళతో పట్టి మెల్లగా ఊపాలి.

మొదట పివట్. లీవర్‌ని పైకీ కిందకీ కాకుండా బండి వైపుకీ బయటికీ ఊపు. అలా ఊగిందంటే బుష్ అరిగింది. తర్వాత రాడ్ మీద వేలుంచి లీవర్ కదుపు. లీవర్ కదిలినా రాడ్ కదలకపోతే లూజు లీవర్ వైపు జాయింట్‌లోనో పివట్‌లోనో ఉన్నట్టు. రాడ్ కదిలి ఆర్మ్ కదలకపోతే ఇంజన్ వైపు జాయింట్. ఇక ఆర్మ్ ముఖం మీద, షాఫ్ట్ చివర మీద కలిసేలా తెల్ల పెయింట్‌తో ఒక్క గీత గీసి, మళ్ళీ ఊపు. గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తే ఆర్మ్, షాఫ్ట్ ఒకదాన్నొకటి పట్టుకునే పళ్ళు, అంటే స్ప్లైన్, లూజు. మూడూ కలిసి ఒక్కటిగా కదిలి, షాఫ్ట్ పూర్తిగా తిరిగినా గేరు పడకపోతే అప్పుడు మాత్రమే లోపలి మాట. చేత్తో గేర్లు వేసేటప్పుడు వెనక చక్రం కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండు. ఆగిన ఇంజన్‌లో లోపలి పళ్ళు ఎదురెదురు నిలబడితే మంచి గేరు కూడా పడదు, అది చూసి పాడయిందనుకుంటారు.

లీవర్ కింద ఉండిపోవడానికి ఇంకో పరీక్ష. ఆర్మ్ దగ్గర రాడ్ ఊడదీసి, ఆర్మ్‌ని చేత్తో నొక్కి వదులు. టక్కున వెనక్కి వచ్చిందంటే లోపలి రిటర్న్ స్ప్రింగ్ బాగానే ఉంది. రాడ్ లేని లీవర్‌ని పైకెత్తి వదిలితే తన బరువుకి తానే పడిపోవాలి. పడలేదా, పివట్ పట్టేస్తోంది.

చైన్‌లూబ్_చిన్నోడు
స్ప్లైన్ లూజు అని తేలితే ఆర్మ్‌కీ షాఫ్ట్‌కీ ఒక వెల్డింగ్ చుక్క పెట్టించెయ్ అన్నా. పది నిమిషాల పని, మళ్ళీ ఊగదు.

ఆటోనగర్_పాతచెయ్యి
@చైన్‌లూబ్_చిన్నోడు ఆ మాట ఎవరికీ చెప్పకు. ఆర్మ్ వెనకాలే గేర్ షాఫ్ట్ ఆయిల్ సీల్ ఉంటుంది. దాని రబ్బరు పెదవి వెల్డింగ్ వేడికి మాడిపోతుంది, ఆ రోజు నుంచి ఇంజన్ ఆయిల్ స్ప్రాకెట్ మీదకి కారుతుంది. సీల్ మార్చాలంటే ఆర్మ్ ఊడాలి, ఆర్మ్ ఊడాలంటే వెల్డింగ్ కోయాలి, కోస్తే షాఫ్ట్ చివర పళ్ళు పోతాయి, షాఫ్ట్ మార్చాలంటే క్లచ్ వైపు కవర్ విప్పాలి. చాలా బళ్ళలో ఆర్మ్ తీయందే చైన్ స్ప్రాకెట్ కవర్ కూడా బయటికి రాదు. ఆర్మ్ అరిగితే కొత్త ఆర్మ్ కొనాలి. షాఫ్ట్ మీది ఉక్కు సాధారణంగా ఆర్మ్ కంటే గట్టిది, ముందు అరిగేది ఆర్మే.

కుడికాలి_గేరు
నాలుగు గేర్ల పాత బుల్లెట్ ఉన్నవాళ్ళం ఈ రాడ్ల గొడవ లేకుండా ఉన్నాం. కుడి కాలు, ఒకటి పైకి మూడు కిందికి, న్యూట్రల్ దొరక్కపోతే దానికి వేరే పెడల్.

పదో_నంబర్_స్పానర్
@కుడికాలి_గేరు న్యూట్రల్‌కి వేరే పెడల్ పెట్టారంటే అది దొరకడం ఎంత కష్టమో కంపెనీకే తెలుసన్నమాట 😄

మానేరు_రైడర్
పాతచెయ్యి అన్న చెప్పినట్టె అన్నీ చూసిన. లీవర్ బండి వైపుకి, బయటికి బాగా ఊగుతున్నది. జాయింట్లల్ల లూజు అసలే లేదు. పెయింట్ గీత కొంచెం విరుగుతున్నది, ఎక్కువ కాదు. రాడ్ ఊడదీసి ఆర్మ్ నొక్కితె టక్కున వస్తున్నది. లీవర్ ఒక్కటే చూస్తె, పివట్ బోల్ట్ బిగించి ఉంటె పైన్నే ఆగిపోతది, సగం తిప్పు వదులు చేస్తె పడిపోతది. రెండు నుంచి మూడుకు మెల్లగ లేపితె అది గూడ తప్పుతున్నది. అంటె ఐదో గేరు ఒక్కటె కాదు.

బోల్ట్ వదులు చేసి నడపొచ్చా?

లేత్‌బాబాయ్
వద్దు. వదులు చేసిన పివట్ బోల్ట్ ప్రయాణంలో ఊడి పడుతుంది, దాంతోపాటు లీవర్ కూడా.

నీ లక్షణానికి కారణం ఒక్కటే. పివట్ బోల్ట్ చుట్టూ ఒక గొట్టం ఉంటుంది, కాలర్ అంటాం. లీవర్ ఆ కాలర్ మీద తిరగాలి. బోల్ట్ బిగిస్తే ఆ బిగువంతా కాలర్ మీదే పడాలి, లీవర్ మీద పడకూడదు. అందుకే కాలర్ పొడవు లీవర్ బాస్ (రంధ్రం చుట్టూ ఉండే మందపాటి భాగం) మందం కంటే ఎప్పుడూ 0.2 మి.మీ. దాకా ఎక్కువ ఉండాలి. కాలర్ అరిగి పొట్టిదైనా, ఎవరో సన్న వాషర్ ఒకటి పారేసినా, లేదా లేని వాషర్ ఇరికించినా, బోల్ట్ వచ్చి లీవర్‌నే నొక్కుతుంది. బిగిస్తే పట్టేస్తుంది, వదిలితే ఊగుతుంది.

వెర్నియర్ ఉందా? నాలుగు కొలతలు కావాలి: కాలర్ పొడవు, కాలర్ బయటి వ్యాసం (రెండు దిక్కులా తీసుకో, ఒకవైపే అరుగుతుంది), లీవర్ బాస్ మందం, లీవర్ రంధ్రం వ్యాసం.

కొలతల_పిచ్చి
వాటితోపాటు ఇంకో నాలుగు: పాత జాయింట్ బాల్ నడిమి నుంచి మర చివరి దాకా ఎంత, కొత్తది ఎంత, పివట్ నడిమి నుంచి రాడ్ బాల్ దాకా ఎంత, పివట్ నుంచి లీవర్ కొస దాకా ఎంత. లీవర్ పైకి నిలబడటం ఊరికే జరగదు.

మానేరు_రైడర్
కొలిచిన. కాలర్ పొడవు 19.7, లీవర్ బాస్ 20.0. కాలర్ బయటి వ్యాసం ఒక దిక్కు 12.0, ఇంకో దిక్కు 11.6. లీవర్ రంధ్రం 12.7. పాత జాయింట్ 25, కొత్తది 30. పివట్ నుంచి బాల్‌కి 35, ఆర్మ్ మీద గూడ 35. లీవర్ కొసకి 120.

కొలతల_పిచ్చి
అన్నీ తేలిపోయాయి.

జాయింట్ ఒక్కోటి 5 మి.మీ. పొడుగు, రెండు కలిపి 10. అందులో 3 నువ్వు రాడ్ తిప్పి లాగేసి ఉంటావు, 7 మిగిలింది. 35 మి.మీ. చేతి మీద 7 మి.మీ. అంటే 11.5 డిగ్రీలు. 120 కొస దగ్గర అది 24 మి.మీ. నీ అంగుళం అదే.

లూజు సంగతి. 12.7 రంధ్రంలో 11.6 కాలర్, సందు 1.1. దాన్ని 120తో గుణించి 35తో భాగిస్తే కొస దగ్గర 3.8 మి.మీ. నీ 8లో సగం పివట్‌దే. స్ప్లైన్‌ది ఓ 2 ఉంటుంది. మిగిలిన 2 షాఫ్ట్ లోపలిది, అది కొత్త బండిలోనూ ఉంటుంది, దాని వెంట పడకు.

గాజువాక_150
రాడ్‌కీ ఆర్మ్‌కీ మధ్య 90 డిగ్రీలు ఉంటే చాలంటారు కదా. ఆర్మ్‌ని షాఫ్ట్ మీద ఒక పన్ను జరిపితే లీవర్ కిందకి వచ్చేస్తుంది, జాయింట్లు మార్చే పనే లేదు.

కొలతల_పిచ్చి
@గాజువాక_150 లీవర్ కిందకి వస్తుంది, కానీ ఒకచోట సరిచేసి ఇంకోచోట చెడగొట్టినట్టవుతుంది. స్ప్లైన్‌కి 36 పళ్ళుంటే ఒక్క పన్నుకి 10 డిగ్రీలు. ఇప్పుడు లీవర్ వైపు తప్పిన కోణం అప్పుడు ఆర్మ్ వైపు తప్పుతుంది.

90 కంటే ముందు చూడాల్సింది, లీవర్ మీది 35 చెయ్యీ, షాఫ్ట్ మీది 35 ఆర్మూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా అని. రెండూ ఒకే పొడవు, సమాంతరం అయితే లీవర్ ఎంత తిరిగితే ఆర్మ్ అంతే తిరుగుతుంది, పైకైనా కిందికైనా. ఆ తర్వాత రాడ్‌తో 90కి దగ్గరగా ఉంటే జాయింట్ల మీద భారం తక్కువ పడుతుంది.

ఇతని బండిలో లీవర్ 11.5 డిగ్రీలు తప్పి ఉంది. అక్కడి నుంచి 20 డిగ్రీలు పైకి లేపితే రాడ్ 11.3 మి.మీ. కదులుతుంది. సరిగ్గా అమరి ఉంటే 12.0 కదలాలి. కిందికి నొక్కితే 12.1. అందుకే దిగడం బాగుంది, ఎక్కడం తప్పుతోంది.

అయితే 0.7 మి.మీ. ఒక్కటే గేరు తప్పించదు. లీవర్ ముందే 24 మి.మీ. పైనుంది కాబట్టి మడమ ఫుట్‌రెస్ట్ మీద ఉంచి లేపితే చీలమండ అంతకంటే పైకి వంగదు. దానికి 8 మి.మీ. లూజు తోడు. మూడూ కలిసి షాఫ్ట్‌ని పూర్తి దూరం తిరగనివ్వడం లేదు. ఒకటి నుంచి రెండుకు కాలు గట్టిగా తన్నుతుంది, నాలుగు నుంచి ఐదుకు బద్ధకంగా లేపుతుంది, అందుకే తప్పు ఐదులో ఎక్కువ కనిపిస్తుంది.

పదో_నంబర్_స్పానర్
డ్రమ్ మీద కేసు కొట్టేసినట్టే.

లేత్‌బాబాయ్
పివట్ పని రాస్తున్నా, ఇలాగే కాగితం మీద రాసి లేత్ షాపులో ఇవ్వు.

లీవర్ రంధ్రం 12.7 కదా, కోలగా అరిగి ఉంటుంది. దాన్ని 15.00కి బోర్ చేయించు. ముందు బాస్ గోడ మందం చూడు, బోర్ తర్వాత చుట్టూ 3 మి.మీ. మిగలకపోతే 14తో సరిపెట్టు, అల్యూమినియం లీవర్ అయితే మరీ జాగ్రత్త. గన్‌మెటల్ బుష్ బయటి వ్యాసం రంధ్రం కంటే 0.03 నుంచి 0.05 ఎక్కువ. వైస్‌లో పెట్టి నెమ్మదిగా నొక్కాలి, సుత్తితో కొడితే అంచు చితికి వంకరగా దిగుతుంది. బుష్ లోపలి వ్యాసం నొక్కాకే తుది కొలతకి తేవాలి, ఎందుకంటే నొక్కినప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. ముందే 12.05 చేసి నొక్కితే కాలర్ లోపలికి పోదు, అప్పుడు ఎమరీ పేపర్‌తో కాలర్‌నే గీకుతారు, పనంతా పోతుంది.

కాలర్ కూడా కొత్తది చేయించు, మామూలు మైల్డ్ స్టీల్ చాలు. బయటి వ్యాసం 12.00, బుష్ లోపల 12.05. పొడవు 20.2. రెండు ముఖాలూ ఒకే పట్టులో ఫేసింగ్ చేయమను, లేకపోతే బోల్ట్ బిగించగానే లీవర్ పక్కకి వాలుతుంది.

కాలర్ చేయించే వీలు లేకపోతే లీవర్ బాస్ ముఖాన్ని అద్దం మీద పరిచిన ఎమరీ పేపర్ మీద ఎనిమిది అంకెలా తిప్పుతూ 0.5 మి.మీ. తగ్గించొచ్చు. కానీ అది పట్టేయడం ఒక్కదాన్నే ఆపుతుంది, 1.1 సందు అలాగే ఉంటుంది.

మట్టిరోడ్డు_మహారాజు
జాయింట్లు మళ్ళీ ఎలాగూ కొనాలి కదా, బాల్ జాయింట్ బదులు రాడ్ ఎండ్లు (బాల్ మధ్యలో బోల్ట్ రంధ్రం ఉండేవి) వేసుకో. బేరింగ్ షాపులో లోపలి మరది పీహెచ్‌ఎస్ 6 అని, బయటి మరది పీవోఎస్ 6 అని అడగాలి. రాడ్ ఒక చివర ఉండే ఎడమ మర (ఎదురు దిక్కున బిగిసేది) కావాలంటే పేరు చివర ఎల్ చేర్చాలి. రంధ్రం 6 మి.మీ., మర ఎం6. రాళ్ళు తగిలినా బాల్ ఊడి రాదు.

ఆటోనగర్_పాతచెయ్యి
@మట్టిరోడ్డు_మహారాజు గట్టిదే, కాదనను. కానీ దానికి రబ్బరు మూత ఉండదు. మట్టినీళ్ళు నేరుగా బాల్ మీద పడతాయి, రెండు వర్షాకాలాల్లో అదీ గలగలమంటుంది. పైగా జాయింట్‌కి బాల్‌తోపాటు స్టడ్ ఉంటుంది, రాడ్ ఎండ్‌కి వేరే బోల్ట్, నట్, పక్కకి వాలడానికి రెండు వైపులా చిన్న స్పేసర్ కావాలి. స్పేసర్ లేకుండా ఆర్మ్‌కి ఆనించి బిగిస్తే రాడ్ ఎండ్ పెదవి ఆర్మ్‌కి రాసుకుని గేరు చివర్లో పట్టేస్తుంది.

మట్టిరోడ్డు_మహారాజు
స్పేసర్ మాట నిజమే, అది చెప్పడం మరిచాను. ఇంకోటి, బయటి వైపు రాడ్ ఎండ్‌లో బాల్ కూర్చునే గూటి నోటి కంటే పెద్ద వాషర్ వెయ్యాలి. 6.4 రంధ్రం, 12 వెడల్పున్న మామూలు ఎం6 వాషర్ చాలదు, ఇంకా వెడల్పుది కావాలి. అప్పుడు బాల్ అరిగి గూటిలోంచి జారినా రాడ్ రోడ్డు మీద పడదు.

రోజూ ఊళ్ళో తిరిగే బండికి మాత్రం బాల్ జాయింటే నయం, నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

కొలతల_పిచ్చి
బాల్ జాయింట్ అడిగేటప్పుడు మర ఒక్కటే చెబితే ఇలాగే అవుతుంది. డిన్ 71802 (జర్మన్ ప్రమాణం) సైజులో ఎం6 మరకి బాల్ వ్యాసం 10 మి.మీ., ఎం5కి 8, ఎం8కి 13. సీఎస్ రకానికి బాల్ ఊడకుండా క్లిప్ ఉంటుంది, అదే తీసుకోవాలి. బండి కంపెనీ జాయింట్లు ఈ కొలతకి ఉండాలని లేదు, కాబట్టి పాతది చేతిలో పట్టుకెళ్ళి నడిమి నుంచి చివరికి పొడవు కలిపి చూసి కొనాలి.

మానేరు_రైడర్
25 పొడవుది ఇక్కడ దొర్కలె. కొత్తవే ఉంచి రాడ్ పొట్టిగ చేసుకోవచ్చా? రాడ్ చివర్ల మర 20 మి.మీ. ఉంది. జాయింట్ లోపల 12 పోయి ఆగుతున్నది. నట్లు మామూలు 5 మి.మీ.వి.

ఆటోనగర్_పాతచెయ్యి
అవుతుంది. జాయింట్ లోపలి రంధ్రం అడుగు మూసి ఉంది, మర చివర అడుగుకి తగిలి ఆగిపోతోంది. అలా అడుగుకి తగిలి బిగుసుకున్నది బిగువు కాదని గుర్తుంచుకో, లాక్ నట్ మీదే బిగువు ఉండాలి.

నీకు కావాల్సింది మొత్తం 7, అంటే ఒక్కో వైపు 3.5. మర చివర 3.5 కోస్తే 16.5 మిగులుతుంది. జాయింట్‌లోకి 12, మిగిలింది 4.5. అందులో 5 మి.మీ. నట్ పట్టదు. పలచటి లాక్ నట్ 3.2 మి.మీ. మందంది దొరుకుతుంది, అది వెయ్యి. ఎం6కి కనీసం 6 మి.మీ. మర లోపల ఉండాలి, నీకు 12 ఉంటుంది, దిగుల్లేదు.

కోసే ముందు నట్‌ని మర మీదకి వెనకదాకా ఎక్కించి ఉంచు. కోశాక చివర అంచు ఆకురాయితో వాలుగా రాసి, నట్‌ని బయటికి తిప్పుతూ తీస్తే చితికిన మర తనంత తానే శుభ్రమవుతుంది. లేదంటే ఎడమ మర కోసే డై వెతుక్కుంటూ తిరగాలి.

చైన్‌లూబ్_చిన్నోడు
ఎడమ మర ఏ వైపుదో చూడగానే ఎలా తెలుస్తుంది?

పదో_నంబర్_స్పానర్
రాడ్ నిలువుగా పట్టుకుని చూడు. మర గీతలు కుడివైపుకి ఎక్కుతుంటే మామూలుది, ఎడమవైపుకి ఎక్కుతుంటే ఎడమ మర. చాలా ఎడమ నట్లకి ఆరు మూలల మీద చిన్న గాటు ఉంటుంది. దాన్ని వదులు చేయడానికి గడియారం తిరిగే దిక్కునే తిప్పాలి. తెలియక మామూలు నట్‌ని ఎడమ మరకి ఎక్కిస్తే సరిగా ఎక్కదు. అక్కడ బలం పెడితే రాడ్ పోయినట్టే.

టెక్సాస్‌_తెనాలి
ఇక్కడ హార్లీ రాడ్లకి అదే తప్పు ఇంకో రకంగా జరుగుతుంది. వాటి జాయింట్ల మర 5/16 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. అంటే 7.94 మి.మీ. లావు, 1.06 పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం). ఎం8 లావు 8, పిచ్ 1.25. కంటికి రెండూ ఒకటే. ఎం8 నట్ రెండు చుట్లు ఎక్కుతుంది, తర్వాత స్పానర్ వేస్తే మర ఒలిచేస్తుంది. ఊళ్ళో ఎవరైనా హార్లీకి స్థానికంగా జాయింట్ వెతుకుతుంటే పిచ్ గేజ్ పెట్టి చూశాకే కొనండి.

పైన కుడి కాలి గేరు మాట వచ్చింది కనుక, అమెరికాలో 1974 సెప్టెంబర్ 1 తర్వాత తయారైన బళ్ళకి గేరు ఎడమ కాలికే ఉండాలని నిబంధన. కుడివైపు గేర్‌బాక్స్ ఉన్న ఇంజన్లకి కిందుగా అడ్డ షాఫ్ట్, అదనపు లింకులు పెట్టారు. ఒక్కో లింక్‌కి ఒక్కో లూజు చేరి మొత్తం లీవర్ కొసకి వస్తుంది. పాత బండి బాగుచేసేవాళ్ళు ఒక్క జాయింట్ మార్చి ఆగితే తేడా తెలియదు, వరసలో ఉన్నవన్నీ చూడాలి.

గాజువాక_150
సముద్రపు గాలికి ఇక్కడ జాయింట్ కంటే ముందు ఈ-క్లిప్ పోతోంది. లీవర్ పిన్ 8 మి.మీ., 8 నంబర్ ఈ-క్లిప్ కొంటే గాడిలో వదులుగా తిరుగుతోంది. ఏది అడగాలి?

కొలతల_పిచ్చి
@గాజువాక_150 ఈ-క్లిప్ నంబర్ పిన్ వ్యాసం కాదు, గాడి లోపలి వ్యాసం. 6 నంబర్ క్లిప్ 7 నుంచి 9 మి.మీ. పిన్‌ల కోసం. నీ గాడి అడుగున 6 ఉంటే 6 నంబర్, 5 ఉంటే 5 నంబర్. చుట్టూ తిరిగే మామూలు సర్‌క్లిప్‌కి మాత్రం పిన్ వ్యాసమే నంబర్. రెండింటినీ కలిపేసుకుని తప్పు క్లిప్ తెచ్చుకోవడం మామూలే.

లేత్‌బాబాయ్
సర్‌క్లిప్‌కి ఒక ముఖం అంచు గుండ్రంగా, ఇంకో ముఖం అంచు పదునుగా ఉంటుంది, గోరుతో తడిమితే తెలుస్తుంది. గుండ్రటి అంచు లీవర్ వైపు, పదును బయటికి. తిప్పేసి పెడితే గుండ్రటి అంచు గాడి గోడ ఎక్కి జారిపోతుంది. గాజువాకలో అయితే స్టెయిన్‌లెస్ క్లిప్ వేసుకో. విప్పిన క్లిప్ మళ్ళీ వేయకు. తీసేటప్పుడు పాలిథిన్ కవర్‌లో చేతులు పెట్టి తియ్యి, ఎగిరినా అందులోనే ఉంటుంది.

మానేరు_రైడర్
బుష్, కాలర్ అయినయ్. రాడ్ కోసిన. కొత్త ఆర్మ్ గూడ తెచ్చిన. బిగించే వరస చెప్పండి, మళ్ళా తప్పు చెయ్యొద్దు.

ఆటోనగర్_పాతచెయ్యి
ఆర్మ్‌తో మొదలుపెట్టు. షాఫ్ట్ పళ్ళని వైర్ బ్రష్‌తో, కిరసనాయిలు గుడ్డతో శుభ్రం చెయ్యి. పెట్రోల్ వద్దు, సీల్ పెదవికీ జాయింట్ రబ్బర్లకీ మంచిది కాదు, పని దగ్గర నిప్పు భయం కూడా. పాత ఆర్మ్ మీద చుక్క, షాఫ్ట్ మీద చుక్క ఉంటాయి, కొత్తదాన్నీ అలాగే కలుపు. షాఫ్ట్ మీద బోల్ట్ కోసం చుట్టూ గాడి ఉంటే ఆర్మ్ బోల్ట్ పూర్తిగా తీసేస్తేనే ఎక్కుతుంది, సుత్తితో కొట్టకు, ఆ దెబ్బ లోపల డ్రమ్‌ని తిప్పే క్లా మీద పడుతుంది. బోల్ట్ బిగించాక ఆర్మ్ చీలిక చూడు. రెండు పెదవులూ కలిసిపోయి ఉంటే ఎంత బిగించినా షాఫ్ట్‌ని పట్టదు. కొత్త ఆర్మ్‌లో సందు మిగిలే ఉంటుంది. పాతదే వాడాల్సి వస్తే చీలికలో హాక్సా బ్లేడు ఒకసారి నడిపి వెడల్పు చేస్తారు, అది కొత్తది దొరికేదాకా మాత్రమే. ఎం6 బోల్ట్ 8.8 గ్రేడ్, 10 న్యూటన్ మీటర్లు. చిన్న స్పానర్ మెడ దగ్గర పట్టుకుంటే అంతే వస్తుంది, పైప్ తగిలించావంటే తెగుతుంది.

తర్వాత లీవర్. బుష్ లోపల, కాలర్ మీద పలచగా ఏపీ3 గ్రీజు. బోల్ట్ మరకి లాక్‌టైట్ 243 (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క, కాలర్ మీద పడకుండా. ఎర్రది వద్దు, తర్వాత వేడి చేస్తే తప్ప రాదు. ప్లాస్టిక్ భాగాలకి ఆ ద్రవం తగలనీయకు, కొన్ని పగులుతాయి. పూర్తిగా బిగించాక లీవర్ ఎత్తి వదులు, తానుగా పడాలి. పడకపోతే ముందుకి పోకు, కాలర్ మళ్ళీ కొలువు.

ఆఖర్న రాడ్. రెండు జాయింట్లూ సమానంగా ఎక్కించు, ఒకటి 12, ఇంకోటి 5 అయితే తర్వాత సర్దడానికి చోటుండదు. రాడ్ తిప్పి, లీవర్ చెయ్యీ ఆర్మూ సమాంతరం అయ్యేదాకా తీసుకురా. లాక్ నట్ బిగించేటప్పుడు జాయింట్‌ని ఇంకో స్పానర్‌తో పట్టుకోవాలి, ఇది చాలామంది వదిలేస్తారు. పట్టుకోకపోతే జాయింట్ నట్‌తోపాటు తిరిగి పక్కకి వంగుతుంది, గూడు అంచు స్టడ్‌కి తగిలి గేరు చివర్లో ఆగుతుంది. రెండు నట్లూ బిగిశాక రాడ్‌ని వేళ్ళతో పట్టి మెలిపెట్టు. ఇటు కొద్దిగా, అటు కొద్దిగా సమానంగా ఊగాలి. ఒకవైపే ఊగితే ఒక నట్ వదిలి మళ్ళీ చెయ్యి.

పదో_నంబర్_స్పానర్
పివట్ బోల్ట్ ఎం8 అయితే ఒక చిన్న మాట. జపాన్ తరహా బోల్ట్‌కి 12 స్పానర్, హార్డ్‌వేర్ షాపు బోల్ట్‌కి 13. కొత్త బోల్ట్ తల పెద్దదై ఫుట్‌రెస్ట్‌కి రాసుకుంటుందేమో పెట్టి చూసుకో.

మానేరు_రైడర్
అయింది. లీవర్ ఎత్తి వదిలితె టప్పున పడ్తున్నది. కొస దగ్గర లూజు రెండున్నర మి.మీ. మెల్లగ లేపినా ఐదు పడ్తున్నది, కిందికి నొక్కినంక లీవర్ ఆగిపోవుడు లేదు. లీవర్ ఎత్తు పాతదే వచ్చింది. అందరికి శానా థాంక్స్.

మానేరు_రైడర్
300 కిలోమీటర్లకి ఎడమ మర వైపు లాక్ నట్ వదులైంది. కుడిది గట్టిగనే ఉంది. ఎందుకు?

లేత్‌బాబాయ్
కోశాక ఆ వైపు చివర మర శుభ్రంగా ఉందా? చితికిన మర మీద నట్ బిగిసినట్టే అనిపిస్తుంది, జాయింట్ ముఖానికి మాత్రం ఆనదు.

మానేరు_రైడర్
విప్పి చూసిన. మర మంచిగనే ఉంది. నట్ కింద స్ప్రింగ్ వాషర్ వేసిన, అది ఒకవైపు తెరుచుకుని ఉంది.

ఆటోనగర్_పాతచెయ్యి
అదే కారణం. స్ప్రింగ్ వాషర్ చీలిక కొరికి పట్టేది మామూలు మర విప్పే దిక్కుకి. ఎడమ మర నట్ దానికి ఎదురు దిక్కున విప్పుకుంటుంది, ఆ చీలిక మీద జారిపోతుంది. పైగా 3.2 నట్‌కీ జాయింట్‌కీ మధ్య అది చేరితే నీకున్న 4.5 మి.మీ. మరలో నట్ పూర్తిగా కూర్చోదు. వాషర్ తీసెయ్, నట్ నేరుగా జాయింట్ ముఖానికి ఆనాలి. మర మీద 243 ఒక్క చుక్క, రబ్బరు మూత పైకి జరిపి వెయ్యి. ఆరడానికి రాత్రంతా వదిలి, పొద్దున నట్ నుంచి జాయింట్ మీదకి పెయింట్ గీత గీసి బండి తియ్యి.

గాజువాక_150
రబ్బరు మూతలు చినిగితే మూతలొక్కటే దొరుకుతాయా, జాయింట్ మొత్తం మార్చాలా?

పదో_నంబర్_స్పానర్
@గాజువాక_150 10 మి.మీ. బాల్ జాయింట్ మూతలు విడిగా దొరుకుతాయి, స్టడ్ లావు కూడా చెప్పి అడుగు. వేసే ముందు బాల్ మీద తుప్పు గుంటలున్నాయేమో చూడు. గుంటలుంటే జాయింటే మార్చు. నున్నగా ఉంటే పాత గ్రీజు తుడిచి సిలికాన్ గ్రీజు నింపి మూత ఎక్కించు.